సెల్లార్ గోడ లెక్కలో బండి బరువూ ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

ఇల్లు కట్టించుకునేవారు స్తంభాల గురించి, స్లాబుల గురించి ఇంజనీరును ఎన్నో ప్రశ్నలు అడుగుతారు గాని, నేలలో మునిగి ఉండే సెల్లార్ గోడ గురించి అడిగేవారు తక్కువ. ఆ గోడ పక్క దారిలో రేపు ఏ బండి వచ్చి నిలుస్తుందో గోడ కట్టకముందే తేలాలని, ఆ బరువు డ్రాయింగులో అంకెగా కనిపించాలని స్ట్రక్చరల్ ఇంజనీరుగా నేను గట్టిగా కోరుకుంటున్నాను.

నేల మీద నిలిచిన బండి బరువు నేరుగా కిందికే దిగదు. మట్టిలో పక్కలకూ పరుచుకుని గోడను లోపలికి నెడుతుంది. ఆరుబయట గట్టును ఆపే గోడకు కొద్దిగా ముందుకు వాలే వీలుంది కనుక, మట్టి తన ఒరిపిడితో కొంత భారాన్ని తానే మోసుకుని, మామూలు ఇసుక నేలలో నిలువు ఒత్తిడిలో మూడో వంతునే గోడకు పంపుతుంది. సెల్లార్ గోడ కింద పునాదికీ పైన స్లాబుకూ బిగిసి ఉంటుంది; వాలే చోటు లేనందున అదే మట్టి దానిపై దాదాపు సగం ఒత్తిడి చూపుతుంది. మొదటి లెక్కను రెండో గోడకు వాడటం నేను పదేపదే చూసిన పొరపాటు.

3 మీటర్ల లోతు సెల్లార్‌నే తీసుకుందాం. ఘనపు మీటరుకు 1.8 టన్నులు తూగే మట్టి, గోడ ప్రతి మీటరు పొడవునా సుమారు 4 టన్నుల బలంతో నెడుతుంది. పక్క దారిలో చదరపు మీటరుకు 1 టన్ను చొప్పున బండ్ల భారం ఉంటే దానికి మరో 1.5 టన్నులు కలుస్తాయి. మట్టి తోపు, అంటే నెట్టే బలం, ఎక్కువగా అడుగు భాగాన పడుతుంది. బండ్ల తోపును మాత్రం పైనుంచి కిందివరకు సమానంగా లెక్కిస్తాం. అందువల్ల గోడ రెండు అంచుల వద్ద ఆనుకుని ఉందనుకుంటే, పైనున్న స్లాబు అందుకోవలసిన తోపు 1.35 టన్నుల నుంచి 2.1 టన్నులకు, అంటే సగానికి పైగా పెరుగుతుంది. మెట్ల కోసమో ర్యాంపు కోసమో గోడ పక్కనే స్లాబు వదిలేసిన చోట ఆ తోపును అందుకునేది ఏమిటో డిజైనరు విడిగా చూపించాలి.

చక్రం గోడకు బాగా దగ్గరగా వచ్చినప్పుడు ఈ సగటు అంకె కూడా చాలదు. 10,000 లీటర్ల ట్యాంకరులో నీళ్లే 10 టన్నులు. 6 ఘనపు మీటర్ల కాంక్రీటు తెచ్చే లారీలో సరుకే 14 టన్నులు దాటుతుంది. అలాంటి చక్రాల భారానికి ఒకచోట పడిన బరువు మట్టిలో ఎలా పరుచుకుంటుందో చెబుతూ ఫ్రెంచి శాస్త్రవేత్త బూసినెస్క్ 1885లో ప్రచురించిన సూత్రాన్ని వాడతారు; కదలని గోడ విషయంలో దాని ఫలితాన్ని రెట్టింపు చేయాలి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది స్లాబు పడకముందే గోడ వెనుక మట్టి నింపి, దాని మీద లారీలు తిప్పడం. పైన స్లాబు ఆసరా ఉంటుందన్న నమ్మకంతో, గోడ మధ్య భాగం లోపలికి ఉబ్బకుండా కడ్డీలను ఎక్కువగా లోపలి ముఖం వైపు ఇస్తాం. ఆసరా లేని గోడ పాదం దగ్గర వంగుతుంది, అప్పుడు సాగేది మట్టి వైపు ముఖం. కడ్డీలు అవసరమైన చోట ఉండవు. స్లాబు గట్టిపడేవరకు మట్టి నింపకూడదు, తప్పనిసరైతే లోపలినుంచి గట్టి ఆసరాలు పెట్టాలి. గోడ పక్కన పెద్ద రోలరుకు బదులు చిన్న యంత్రంతో పలుచని పొరలుగా దిమ్మిస చేయాలి. వెనుక నీరు నిలిస్తే తోపు ఇంకా పెరుగుతుంది కాబట్టి నీరు పోయే దారీ ఉండాలి.

ఏ వాహనం, గోడకు ఎంత దూరంలో, మట్టి ఎప్పుడు నింపాలి అన్న మూడింటినీ డ్రాయింగులో రాయనిదే అనుమతి ఇవ్వవద్దని అధికారులను కోరుతున్నాను. ఇప్పటికే కట్టిన సెల్లార్‌లో గోడ సగం ఎత్తున అడ్డంగా పగులు కనిపిస్తే, ఆ గోడకు కనీసం సెల్లార్ లోతుకు సమానమైన దూరం వరకు బండ్లను ఆపివేసి, సున్నం పూసి కప్పకముందే ఇంజనీరుకు చూపించండి.

ఇట్లు,
ఒక స్ట్రక్చరల్ ఇంజనీరు