తమ్ముడు పోయాక మిగిలినవాళ్లని ఎవరూ పిలవలేదు

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. మాది గుంటూరు, బ్రాడీపేట. మా తమ్ముడు 38 ఏళ్లకే పోయాడు. రాత్రి అన్నం తిని లేచాడో లేదో, ఛాతీలో మొదలైన నొప్పి వీపులోకి చీల్చుకుంటూ పోతోందన్నాడు. దగ్గర్లోని ఆసుపత్రిలో ఈసీజీ తీసి, గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపేశారు. తెల్లారి ఇంకోచోట స్కాన్ తీస్తే, గుండె నుంచి ఒంటికంతా రక్తం పంపే బృహద్ధమని ఉబ్బి, లోపలి పొర చీలిందని తేలింది. ఆపరేషన్‌కి సిద్ధం చేస్తుండగానే ప్రాణం పోయింది.

మా నాన్న కూడా 44 ఏళ్లకు ఇలాగే ఉన్నట్టుండి పోయారు. అప్పుడు గుండెపోటు అని రాశారు. ఈ రెంటినీ కలిపి చూసినవాళ్లు లేరు. తమ్ముడి శవాన్ని అప్పగించేటప్పుడు 'మీరూ ఒకసారి ఎకో, అంటే గుండె స్కాన్, తీయించుకోండమ్మా' అని ఒక్కరన్నా నాతో అనలేదు.

ఏడాది తర్వాత విజయవాడలో ఒక డాక్టరుగారు నా పొడవాటి వేళ్లు చూసి అనుమానించారు. ఎకోలో నా ధమని, గుండె దగ్గర మొదలయ్యేచోట, 4.3 సెంటీమీటర్లకి ఉబ్బి ఉంది. జన్యు పరీక్షలో మార్ఫాన్ సిండ్రోమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బని తేలింది. ఎఫ్‌బీఎన్1 అనే జన్యువులో లోపం ఉంటే, ధమని గోడకి సాగే గుణాన్నిచ్చే ఫిబ్రిలిన్ అనే ప్రొటీన్ సరిగా తయారవదు. గోడ బలహీనపడి ఏళ్ల తరబడి నెమ్మదిగా ఉబ్బుతుంది. చాలామందికి నొప్పి ఉండదు, ఉబ్బుతున్న సంగతే తెలియదు.

మా చుట్టాలంతా మేనరికం వల్లే అన్నారు. అమ్మ ఆ మాట పట్టుకుని కుమిలిపోయింది. కానీ ఇది తల్లిదండ్రుల్లో ఒక్కరికి ఉన్నా చాలు, ప్రతి బిడ్డకీ వచ్చే అవకాశం 50 శాతం ఉంటుంది. నలుగురిలో ఒకరికైతే ఇంట్లో ఎవరికీ లేకుండానే కొత్తగా వస్తుంది. ఈ సంగతి చెప్పేవాళ్లు లేక మా అమ్మ చేయని తప్పుకి ఏడ్చింది.

మార్ఫాన్ ఒక్కటే కాదండీ. టీజీఎఫ్‌బీఆర్, ఏసీటీఏ2 లాంటి జన్యువుల్లో లోపాలూ ఇదే పని చేస్తాయి. ఛాతీలో ధమని ఉబ్బినవాళ్లలో దాదాపు ఐదుగురిలో ఒకరి కుటుంబంలో ఇంకొకరికీ అదే ఉంటుంది. పరీక్షలో జన్యువు దొరక్కపోయినా తోబుట్టువులకి, పిల్లలకి ఎకో తీయాల్సిందే. అదే ధమని పొట్ట భాగంలో ఉబ్బడానికి వంశంతో పాటు పొగతాగడం పెద్ద కారణం. పొగాకు బోర్డు ఉన్న మా ఊళ్లో ఆ మాట గట్టిగా చెప్పాలి.

ముందే తెలిస్తే బతకొచ్చు. నేను బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, ఏటా కొలత చూపించుకుంటున్నాను. 5 సెంటీమీటర్లకి చేరితే, చీలకముందే ఆపరేషన్ చేస్తామన్నారు.

అందుకే అడుగుతున్నాను. ధమని ఉబ్బిందనో చీలిందనో రాసిన ప్రతి ఆసుపత్రీ ఆ మనిషి తల్లిదండ్రుల్ని, తోబుట్టువుల్ని, పిల్లల్ని పిలిపించి ఎకో తీసేలా ఉత్తర్వు ఇవ్వండి. డబ్బు లేనివాళ్లకి అది ఉచితంగా జరగాలి. గుంటూరు, విజయవాడ పెద్దాసుపత్రుల్లో జన్యు పరీక్ష చేయించి, దాని అర్థం తెలుగులో విడమర్చి చెప్పే మనిషిని పెట్టండి. బీపీ, షుగర్ చూడ్డానికి ఇంటికొచ్చే ఏఎన్ఎం గారి ప్రశ్నల్లో ఇంకొక్కటి చేర్చండి: 'మీ ఇంట్లో 50 ఏళ్ల లోపు ఎవరైనా ఉన్నట్టుండి చనిపోయారా?'

మా నాన్న పోయాక ఎవరైనా అమ్మని ఆ ప్రశ్న అడిగి ఉంటే, తమ్ముడికి పదేళ్లప్పుడే ఎకో తీసేవాళ్లు.

మా అబ్బాయికి 14 ఏళ్లు, వాలీబాల్ ఆడతాడు. సోమవారం వాడికి ఎకో.

ఇట్లు,
గుంటూరు నుంచి ఒక అక్క