మంత్రిగారూ, హియరింగ్‌లో రాసుకున్న ఆ మినిట్స్ ఒక్కసారి చదివి వినిపించమనండి

రాష్ట్ర పర్యావరణ శాఖ మంత్రిగారికి నమస్కారం.

సోది లేకుండా విషయానికొస్తా సార్. మీ శాఖ కింద పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వాళ్లు ఫ్యాక్టరీలకి, గనులకి పబ్లిక్ హియరింగ్‌లు, అంటే అనుమతికి ముందు జనం మాట వినే సభలు, పెడతారు కదా, అవి జరిగే తీరు చూసి విసుగొచ్చి రాస్తున్నా. జనాన్ని కూర్చోబెట్టి మాట్లాడించడం అంత కష్టమేం కాదని చెప్పడానికి ఎక్కడో విదేశాల ఉదాహరణలు అక్కర్లేదు, మన జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లోనే ఒక సంస్థ ఉంది, దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, డీడీఎస్ అంటే అందరికీ తెలుస్తుంది. 1983లో మొదలైంది. వాళ్ల చరిత్ర మీ ఆఫీసర్లతో ఒక్కసారి చదివించండి చాలు.

మొదలుపెట్టినవాళ్లలో పి.వి. సతీష్ గారు ఒకరు, 2023 మార్చిలో పోయారు. అంతకుముందు దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా చేసిన మనిషి. కెమెరా ముందు ఎవరు మాట్లాడతారు, ఎవరు ఊరికే చూస్తూ కూర్చుంటారు అనేది ఆయనకి బాగా తెలిసే ఉంటుంది అనిపిస్తుంది నాకు, ఎందుకంటే తర్వాత ఆ సంస్థ చేసిన పనంతా దాన్ని తిరగేయడమే. ఊరూరా ఆడవాళ్ల సంఘాలు, అందులో ఎక్కువమంది దళిత మహిళలు, ఉన్నదేమో ఎకరం రెండెకరాల మెట్ట. పొద్దంతా చేలో, కూలిలో ఉండి రాత్రి కూర్చుని మాట్లాడుకునే మీటింగ్‌లు. టైం ఎవరికి వీలుగా పెట్టారో చూడండి సార్, మీ హియరింగ్‌లు మాత్రం పనిరోజు పదకొండు గంటలకి ఉంటాయి.

వాళ్ల పాత పంటల జాతర గురించి మీరు వినే ఉంటారు. సంక్రాంతికి బయల్దేరుతుంది, నెల రోజులపాటు అలంకరించిన ఎడ్లబండ్లు ఊరి నుంచి ఊరికి వెళ్తాయి, బండ్ల మీద జొన్న, కొర్ర, సామ, కంది, పెసర ఇలా ఎన్నో రకాల విత్తనాలు. డప్పులు, పాటలు అన్నీ ఉంటాయి గానీ అసలు పని బండ్లు ఆగాక మొదలవుతుంది. విత్తనాలు చేతిలోకి తీసుకుని చూస్తారు, ఇది మా ఊళ్లో ఎందుకు పోయింది, ఏ పంటకి ఎంత నీళ్లు, రేషన్‌లో జొన్నలు ఎందుకివ్వరు, అన్నీ అక్కడే. పర్యావరణం మీద సెమినార్ అంటే ఇదీ. ఏసీ హాల్లో జరగలేదని దాన్ని పండగ ఖాతాలో వేసేస్తాం మనం.

2001లో ఇంకా గట్టి ప్రయోగం జరిగింది, పేరు ప్రజాతీర్పు. 2020 నాటికి రాష్ట్రం ఎలా ఉండాలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వేసుకున్న ప్లాన్, విజన్ 2020 మీద. డీడీఎస్ కూడా భాగమైన ఒక కూటమి, హైదరాబాద్ యూనివర్సిటీ, బయటి పరిశోధన సంస్థలు కలిసి మెదక్ జిల్లాలో పెట్టాయి. చిన్న సన్నకారు రైతులు, అందులో ఎక్కువమంది ఆడవాళ్లు, జ్యూరీగా కూర్చున్నారు. ప్రభుత్వం వాళ్లు, కంపెనీల వాళ్లు, శాస్త్రవేత్తలు వచ్చి సాక్షుల్లా వాళ్లకి సమాధానం చెప్పుకున్నారు. జన్యుమార్పిడి పంటలు వద్దు, మమ్మల్ని సేద్యం నుంచి తప్పించే ప్లాన్ వద్దు, మా విత్తనం మా చేతిలో ఉండనివ్వండి అని తీర్పిచ్చారు. దాని మీద లండన్ దాకా గొడవైంది, ఎందుకంటే ఆ ప్లాన్ వెనక బ్రిటిష్ సాయం ఉంది. ఆ తీర్పుతో మీరు ఏకీభవించక్కర్లేదు, నాకూ కొన్నిట్లో డౌట్లున్నాయి. కానీ ప్రశ్న అడిగే కుర్చీలో రైతుని కూర్చోబెట్టారు చూడండి, అది ముఖ్యం.

2008 అక్టోబర్‌లో సంఘం రేడియో వచ్చింది, మాచనూర్ నుంచి. నడిపేది ఆ సంఘాల ఆడవాళ్లే.

ఇవన్నీ ఎన్జీవోలకి కుదురుతాయి, ప్రభుత్వానికి ఎలా అంటారేమో. 2010లో బీటీ వంకాయ, అంటే జన్యుమార్పిడి వంకాయ మీద అప్పటి కేంద్ర మంత్రి జైరాం రమేష్ గారు హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో బహిరంగ చర్చలు పెట్టారు, ఏర్పాట్లు చూసింది సెంటర్ ఫర్ ఎన్విరాన్‌మెంట్ ఎడ్యుకేషన్ అనే సంస్థ. అరుపులు కేకలు అన్నీ అయ్యాయి, మంత్రి మాత్రం కుర్చీలోనే ఉన్నారు, ఫిబ్రవరి 9న మారటోరియం, అంటే ప్రస్తుతానికి ఆపేస్తున్నామని ప్రకటించి కారణాలు కూడా రాసి బయటపెట్టారు. అంటే కుదురుతుందన్నమాట.

ఇప్పుడు నేను చూసింది చెప్తా. ఊరి పేరు, కంపెనీ పేరు వద్దులెండి. షామియానా కింద ముందు వరసలన్నీ కంపెనీ తీసుకొచ్చిన మనుషులే, ఊరివాళ్లు పోలీసుల వెనక, ఎండలో. ఒక పెద్దావిడ మైకు దొరకగానే, మా బోరు నీళ్లు కరాబైతే ఎవర్ని అడగాలె, ఆ ఆఫీసు ఎక్కడుంటది అని అడిగింది. అంతే, ఒకే ప్రశ్న. నోట్ చేసుకున్నాం అమ్మా అన్నారు, నెక్స్ట్ అన్నారు. చివర్లో థాంక్స్ చెప్పి జీపులెక్కారు, ఏం నోట్ చేసుకున్నారో ఎవరికీ తెలీదు.

హియరింగ్ ఎలా జరగాలో 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్‌లోనే ఉంది సార్, కొత్త చట్టం అక్కర్లేదు. కనీసం 30 రోజుల ముందు నోటీసివ్వాలి, రిపోర్టు సారాంశం స్థానిక భాషలో పెట్టాలి, వచ్చిన ప్రతి మనిషికీ ప్రాజెక్టు గురించి అడిగే అవకాశం ఇవ్వాలి, మొత్తం వీడియో తీయాలి, ఆఖర్న అందరి అభిప్రాయాల సారాంశం అక్కడే స్థానిక భాషలో చదివి వినిపించాలి. దాని బదులు తేబోయిన 2020 డ్రాఫ్ట్‌లో ఆ 30 రోజుల్ని 20 చేయబోయారు, ఆ డ్రాఫ్ట్‌నే అన్ని భాషల్లోకి తర్జుమా చేయించమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సొచ్చింది, అది వేరే కథ.

నేను అడిగేది చిన్నదే. మీ రాష్ట్రంలో జరగబోయే తర్వాతి హియరింగ్‌కి, ఏ జిల్లా అయినా సరే, నాట్లు కోతల రోజులు కాకుండా చూసి డేట్ పెట్టించండి, ముందు వరస ఊరి ఆడవాళ్లకి వదలమనండి, జీపులెక్కే ముందు మినిట్స్ తెలుగులో మైకులో చదవమనండి. అందులో తన ప్రశ్న లేకపోతే ఆ పెద్దావిడ లాంటివాళ్లు అక్కడే లేచి చెప్తారు, అది కూడా రాసుకుని అప్పుడు కలెక్టర్ గారు సంతకం పెట్టొచ్చు. వీలైతే ఒకసారి మీరే వచ్చి కూర్చోండి సార్, ముందుగా చెప్పకుండా.

ఇట్లు
ఎండలో నిలబడ్డవాళ్లలో ఒకణ్ణి