మన సంఘం వార్షిక నివేదిక: బొమ్మల క్లాసుకి ఏడాది

గౌరవ సభ్యులకు, వారి కుటుంబాలకు నమస్కారం.

కిందటి ఉగాది నుంచి ఈ ఉగాది దాకా శ్రీకాకుళంలో మన వయోవృద్ధుల సంఘం చేసిన పనుల నివేదిక ఇది. ఏటా చేసేవన్నీ ఈసారీ చేశాం. నెలనెలా బీపీ, షుగరు పరీక్షలు ఆగలేదు. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్లకి వేలిముద్రలు పడక తిప్పలు పడ్డ పెన్షనర్లకి, ఫోనులో ముఖం చూపించి నమోదు చేసే పద్ధతిలో కుర్రాళ్ల సాయంతో పని పూర్తి చేయించాం. కార్తీకంలో వనసమారాధన జరిగింది. రథసప్తమినాడు అరసవల్లి వెళ్లే భక్తులకి మజ్జిగ పోశాం. జమాఖర్చుల పట్టిక ఆడిటరు సంతకంతో నోటీసు బోర్డు మీద ఉంది, అందరూ చూడవచ్చు. వీటి గురించి ఇంతకంటే రాయను. మిగతా చోటంతా బొమ్మల క్లాసుకే కావాలి.

కారణం ఉంది. క్లాసు పెడదామని కార్యవర్గం ప్రతిపాదించిన రోజున, సర్వసభ్య సమావేశంలో వెనక వరసలోంచి ఒక పెద్దాయన లేచారు. "ఈ వయసులో బొమ్మలేటి బాబూ? ఆ డబ్బుల్తో ఇంకో బీపీ మిషను కొంటే పదిమందికి పనికొస్తాది కదా" అని అడిగారు. అడిగిన మాటలో తప్పేమీ లేదు. సంఘం డబ్బు అంటే మన పెన్షన్లలోంచి వచ్చిన డబ్బే. ఆ రోజు నేను ఏదో చెప్పి కూర్చున్నాను గానీ ఆ జవాబు నాకే నచ్చలేదు. ఏడాదంతా ప్రతి క్లాసులోనూ ఓ మూల కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇప్పుడు జవాబు చెప్పగలను. (బీపీ మిషను కూడా కొన్నాం. అది వేరే పద్దులో ఉంది.)

మంగళ, శుక్రవారాల్లో సాయంత్రం నాలుగింటికి క్లాసు. నేర్పేది జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పనిచేసి రిటైరైన డ్రాయింగు మాస్టారు. ఆయన జీతం వద్దన్నారు, రిక్షా ఖర్చులు మాత్రం బలవంతాన ఇస్తున్నాం. మొదటి రోజు వచ్చింది ఏడుగురు. తెల్లటి డ్రాయింగు షీటు, టూబీ పెన్సిలు అందరి ముందూ పెడితే పావుగంట దాటినా ఎవరూ గీత గీయలేదు. తహసీల్దారు ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లు నడిపినాయన, వందలమందికి పురుళ్లు పోసిన నర్సమ్మగారు కూడా ఆ కాగితం ముందు పరీక్ష హాల్లో పిల్లల్లా కూర్చున్నారు. మన తరంలో డ్రాయింగు పీరియడంటే లెక్కల మాస్టారు తీసేసుకునే పీరియడు. మార్జిన్లో బొమ్మ గీస్తే చెవి మెలిపెట్టేవారు. ఆ భయం అరవై ఏళ్లయినా చేతిలోంచి పోలేదని నాకు ఆ రోజే తెలిసింది.

మాస్టారు షీట్లన్నీ వెనక్కి తీసేసుకున్నారు. మర్నాడు బజారులో నల్ల పలకలు కొన్నారు. తలో పలకా, ఓ గిన్నెలో నీళ్లూ, ఓ బ్రష్షూ. నీళ్లతోనే గీయాలి. గీసిన గీత రెండు నిమిషాల్లో ఆరి మాయమైపోతుంది. తప్పు మిగలదు, చెరపక్కర్లేదు, ఎవరూ చూడరు. రెండు వారాలు ఈ నీటి గీతలే గీయించారు. మూడో వారానికి గదిలో మాటలు మొదలయ్యాయి, నవ్వులు మొదలయ్యాయి. అప్పుడు కాగితం ఇచ్చారు.

ఆడవాళ్ల దగ్గర ఆయనకి ఇంకో దారి దొరికింది. "నానేటి గీస్తానండీ, నాకు సంతకమే రాదు" అని గుమ్మం దగ్గరే నిలబడిపోయిన ఒక అమ్మ చేతిలో బియ్యప్పిండి పోసి, "రేపు సంక్రాంతి అనుకోండమ్మా" అన్నారు మాస్టారు. ఆవిడ వంగి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి వదులుతూ చుక్కలు పెట్టింది. స్కేలు పెట్టి కొలిచినట్టున్నాయి. తర్వాత చుక్కల చుట్టూ మెలిక తిప్పుతూ వెళ్లి, ఎక్కడ మొదలెట్టిందో అక్కడికే తెచ్చి కలిపింది. మధ్యలో చెయ్యి ఎత్తలేదు. మాస్టారు కింద కూర్చుని, "ఈ గీత నాకు రాదమ్మా, నలభై ఏళ్లు పాఠం చెప్పాను" అన్నారు. మర్యాదకి అన్నమాట కాదది. ఆయన కళ్లు చూశాను. ఇప్పుడు ఆవిడ పోస్టరు కలర్లతో తులసికోటలూ, కావిడి బుట్టలూ, వరి మోపులూ వేస్తోంది. సంతకం రాదు కాబట్టి ప్రతి బొమ్మకీ కుడివైపు అడుగున చిన్న నాలుగు చుక్కల ముగ్గు వేస్తుంది. ఆ ముగ్గు చూస్తే ఆవిడ బొమ్మని మనలో ఎవరైనా గుర్తుపడతారు.

మన ఊరివాళ్లకి బొమ్మ కొత్తేమీ కాదు. వడ్డాది పాపయ్య గారు 1921లో పుట్టింది ఈ శ్రీకాకుళంలోనే. చందమామ అట్ట మీద మూలన "వపా" అన్న చిన్న సంతకం చూసి పెరిగినవాళ్లం మనం. ఒక శుక్రవారం ఒకరు ఇంట్లో దాచుకున్న పాత చందమామలు తెచ్చారు. ఆ రోజు ఎవరూ ఏమీ గీయలేదు. ఒక్కో అట్టా చేతులు మారుతుంటే, ఎవరికి ఏ కథ ఎవరు చదివి వినిపించారో చెప్పుకుంటూ గంటన్నర గడిచిపోయింది. చీర మడత మీద వెలుగు ఎటునుంచి పడుతోందో మాస్టారు వేలు పెట్టి చూపించారు. చిన్నప్పుడు వెయ్యిసార్లు చూసిన బొమ్మే, అది మాత్రం నేను ఎప్పుడూ చూడలేదు.

ఇప్పుడు ఆ పెద్దాయన ప్రశ్నకి నా అసలు జవాబు.

మన సభ్యుల్లో ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైనాయన ఒకరున్నారు. పాత బ్రిడ్జి మీంచి కనిపించే నాగావళినే పదే పదే వేసేవారు. ఎదురుగా చూసి కాదు, బస్సు నడుపుతూ చూసిన నది, జ్ఞాపకంలోంచి. ఎంత నీలం పోసినా ఆయనకి చాలేది కాదు. "ఇంకా మాసినట్టే ఉంది మాస్టారూ" అంటూ మళ్లీ పోసేవారు. పక్కన కూర్చున్నవాళ్లకేమో ఆ నీలం కళ్లు చెదిరేలా కనిపించేది. మాస్టారు రెండు వారాలు చూసి, ఆయన్ని పక్కకి పిలిచి "రంగులో లేదండీ తేడా, ఓసారి కళ్లు చూపించుకోండి" అన్నారు. చూపిస్తే రెండు కళ్లలోనూ శుక్లాలు బాగా ముదిరి ఉన్నాయి. చూపు తగ్గిందని ఇంట్లోవాళ్లు అంటున్నా, అద్దాల పవరు మారి ఉంటుందని రెండేళ్లుగా వాయిదా వేస్తూ వచ్చారట.

శుక్లం వచ్చిన కంటి కటకం పసుపుగా, గోధుమరంగుగా మారిపోతుంది. నీలపు కాంతిని లోపలికి సరిగా పోనివ్వదు. మార్పు ఏళ్ల తరబడి మెల్లగా వస్తుంది కాబట్టి మనకి తెలియదు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనేకి 1912లో శుక్లాలని తేలింది. ఆపరేషనుకి భయపడి వాయిదా వేస్తూ, 1923లో 82 ఏళ్ల వయసులో చేయించుకున్నాడు. మధ్య కాలంలో ఆయన వేసిన తోటలు ఎర్రగా, గోధుమగా మారిపోయాయి. మన డ్రైవరుగారు నీలం ఎక్కువ పోసినా, కారణం అదే.

దసరా తర్వాత ఆయనకి కుడి కంటికి ఆపరేషను అయింది. డాక్టరు సరేనన్నాక క్లాసుకి వచ్చి, పాత బొమ్మలు తెరిచి, కుడి కన్ను మూసి చూశారు. తర్వాత ఎడమది మూసి చూశారు. మళ్లీ కుడిది. అలా ఎంతసేపు చేశారో చెప్పలేను. "ఈ కంటితో చూస్తే కాయితం తెల్లగుంది. ఆ కంటితో చూస్తే టీ ఒలికిపోయినట్టుంది. ఇన్నాళ్లూ నాను ఆ టీలోంచేనా చూసింది?" అన్నారు. గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆ వారంలోనే మన సభ్యుల్లో మరికొందరు కళ్లు చూపించుకున్నారు. బీపీ మిషను చెప్పలేనిది నీలం రంగు చెప్పింది. పెద్దాయనగారూ, నాకు తోచిన జవాబు ఇది.

మన సభ్యులైన డాక్టరుగారు దీన్ని ఎక్కువ చేసి రాయవద్దని నాకు ముందే చెప్పారు. బొమ్మలు వేస్తే మతిమరుపు రాదనీ, మందులు మానేయవచ్చనీ ఎవరూ అనుకోకూడదు. తెలిసినంతలో చెప్పుకోదగ్గవి రెండు. 2014లో జర్మనీ పరిశోధకులు 28 మంది రిటైరైనవాళ్లని రెండు జట్లు చేశారు. 10 వారాలపాటు ఒక జట్టు బొమ్మలు వేసింది, రెండోది మ్యూజియంలో బొమ్మలు చూసి చర్చించింది. తర్వాత మెదడు స్కానుల్లో వివిధ భాగాల మధ్య అనుసంధానం మెరుగైనట్టు కనిపించింది వేసినవాళ్లలోనే. చిన్న సంఖ్య మీద చేసిన పరిశోధన, అంతవరకే నమ్మాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2019లో 900 పైచిలుకు ప్రచురణలు పరిశీలించి, కళలు ఆరోగ్యానికి తోడ్పడతాయని నివేదిక ఇచ్చింది. నేను కళ్లారా చూసినది వేరు. మంగళవారం ఉందని సోమవారమే ఇస్త్రీ చొక్కా తీసి పెట్టుకుంటున్నారు. భార్య పోయాక గుమ్మం దాటని ఒకాయన ఇప్పుడు నాలుగింటికి పది నిమిషాల ముందే తాళం దగ్గర నిలబడి ఉంటున్నారు. ఆయన వేసేవి ఇంట్లోని కొబ్బరికోరు, కవ్వం, ఉప్పుజాడీ. ఎందుకని ఎవరూ అడగలేదు.

చేతులు వణికేవాళ్లకి మాస్టారు బ్రష్షు కాడకి పాత చీర పేలిక చుట్టి, రబ్బరు బ్యాండు వేసి లావు చేశారు. పట్టు దొరికితే వేళ్ల నొప్పి తగ్గుతుంది. మణికట్టు కాకుండా మోచెయ్యి కదిపి గీయమంటారు. వణుకు పూర్తిగా పోదు గానీ, తాటిచెట్టు మట్టలకి ఆ వణుకే అందం తెచ్చిందని ఒకరి బొమ్మ చూసి అందరం ఒప్పుకున్నాం. టర్పెంటైను వాసనకి దగ్గు వస్తుందని ఆయిలు రంగులు పెట్టలేదు, నీటి రంగులే.

మాఘంలో పొందూరు వెళ్లొచ్చాం. ఖద్దరు నేత చూడడానికి చాలామంది వెళతారు, మనవాళ్లు బొమ్మలు వేయడానికి వెళ్లారు. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి శుభ్రం చేయడం అక్కడి ప్రత్యేకత. ఆ సన్నటి పళ్ల వరసే దువ్వెన. రాట్నం ముందు కూర్చున్న ఒక అవ్వ మనలో చాలామంది కంటే పెద్దది. మన నర్సమ్మగారు గంటసేపు ఆవిడ చేతుల్నే గీశారు. అయ్యాక చూపిస్తే, అవ్వ కాగితం దగ్గరగా పెట్టుకుని చూసి, "ఏలు అలాగుండదు తల్లీ, అలాగెడితే దారం తెగిపోద్ది" అంది. మళ్లీ రాట్నం తిప్పి చూపించింది. నర్సమ్మగారు ఆ వేలు మూడుసార్లు చెరిపి దిద్దారు. నాలుగోసారి అవ్వ తలూపింది. ఆ బొమ్మ ఫ్రేము కట్టించి మన హాల్లో పెట్టాం. అందులో వేలు ఎక్కడుండాలో అక్కడే ఉంది.

జరిగిన పొరపాటు కూడా రాయాలి. మొదటి నాలుగు నెలలు క్లాసు మేడ మీద గదిలో పెట్టాం. మెట్లకి పట్టుకునే కడ్డీ లేదు. వానాకాలంలో ఒక సభ్యురాలు జారిపడి మణికట్టు విరిగింది. కార్యదర్శిగా ఆ బాధ్యత నాది. కింద గది అద్దె ఎక్కువని వెనకాడినందుకు ఆవిడకి సభాముఖంగా క్షమాపణ చెబుతున్నాను. ఆవిడ కట్టుతోనే వచ్చి ఎడమ చేత్తో నీటి గీతలు గీశారు. ఇప్పుడు క్లాసు కింది గదిలోనే, నేల మీద కాకుండా ఎత్తు బల్లల దగ్గర కుర్చీల మీద జరుగుతోంది. ఈ అద్దె పెరుగుదలే ఈ ఏటి ఖర్చులో పెద్ద అంకె. పట్టికలో చూసి ఆశ్చర్యపోవద్దు.

ఈ ఏడాది మనని వదిలి వెళ్లిన సభ్యులకి మౌనంగా నివాళి అర్పిస్తున్నాం. వారిలో ఒకరి బల్ల మీద శ్రీకూర్మం మండపం స్తంభాలు సగం వేసిన షీటు ఉండిపోయింది. పూర్తి చేద్దామా అని మాస్టారిని అడిగితే వద్దన్నారు. అలాగే ఉంచాం.

కొత్త సంవత్సరానికి కార్యవర్గం అడుగుతున్నవి. క్లాసు కొనసాగించడానికీ, కింది గదినే ఉంచడానికీ సమావేశంలో ఆమోదం ఇవ్వాలి. మూడో రోజు కూడా పెట్టమని అడుగుతున్నారు గానీ, మాస్టారికి డెబ్బై దాటాయి, ఆయన్ని ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇంకొకరు ముందుకొస్తే చూద్దాం. సీతంపేట వైపు సవర గిరిజనుల చిత్రాలు వేసేవారిని పిలిపించి, ఎర్రమట్టి మీద బియ్యప్పిండితో వేసే పద్ధతి వారి దగ్గరే కూర్చుని నేర్చుకోవాలని ఉంది. వారికి దారి ఖర్చులే కాదు, గౌరవంగా పారితోషికం కూడా ఇవ్వాలి. అందుకు విడిగా చందా వేద్దాం.

ఉగాది దాటిన తొలి మంగళవారం సాయంత్రం నాలుగింటికి క్లాసు మళ్లీ మొదలు. కొత్తవాళ్లు ఏమీ తేనక్కర్లేదు, పలకా బ్రష్షూ మేమే ఇస్తాం. ఇంట్లో పాత చందమామలు ఉన్నవారు మాత్రం ఒకటి రెండు పట్టుకురండి. చూశాక జాగ్రత్తగా తిరిగి ఇచ్చే పూచీ నాది.

కార్యదర్శి