గురక తగ్గినా తీరని అలసట

సంపాదకులవారికి నమస్కారం.

గురకను నవ్వులాటగా తీసుకోవద్దనీ, అది నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగిపోయే స్లీప్ ఆప్నియా అనే జబ్బుకు గుర్తు కావచ్చుననీ ఈ మధ్య మీ పత్రిక ఆరోగ్యం పేజీలో చదివాను. ఆ మాట పదిమందికీ చేరవలసిందే. అయితే దీనికి చికిత్సగా రాత్రి ముఖానికి మాస్కుతో తగిలించుకునే సీప్యాప్ యంత్రం పెట్టుకున్న మర్నాటి నుంచే మనిషి చురుగ్గా లేస్తాడన్న చివరి వాక్యం నన్ను బాధపెట్టింది. కొందరికి అలా జరుగుతుంది. నాకు జరగలేదు. నాలాంటివారు ఇంకా ఉన్నారని ఆసుపత్రి వరండాలో వంతు కోసం కూర్చున్నప్పుడు తెలిసింది. యంత్రం వాడడం మొదలుపెట్టాక కూడా వారాలు, ఒక్కోసారి నెలలు ఉండే అలసట గురించి ముందుగా ఎవరూ చెప్పకపోవడం వల్ల, ఇది మనకు పనిచేయలేదనుకొని దాన్ని అటకెక్కించినవారిని నేను చూశాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను శ్రీకాకుళంలో ఉంటూ ఆమదాలవలస వైపు ఒక పల్లెలోని ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. నాకు యాభై ఒక్క సంవత్సరాలు. నాలుగేళ్లుగా ఉదయం లేవగానే తలనొప్పి, మధ్యాహ్నానికి ఒళ్లంతా పీకేసినట్టు ఉండేది. వయసు అన్నారు, ఇంటిపని అన్నారు. ఒకనాడు నల్లబల్ల మీద గుణకారం లెక్క వేస్తూ ఉండగా మూడో తరగతి పిల్లవాడు వచ్చి నా కొంగు పట్టుకొని, ‘టీచర్, ఏడు రాసి ఆగిపోనారు’ అన్నాడు. సుద్దముక్క బల్లకు ఆనించి నిలబడే కునికిపాటు పడ్డానని అప్పుడు నాకు అర్థమైంది. గురక మగవాళ్ల జబ్బు అనుకోవడం మనకు అలవాటు. కానీ నెలసరి ఆగిపోయిన తరువాత ఆడవాళ్లలో కూడా ఇది బాగా పెరుగుతుంది, అదీ పెద్ద గురకగా కాక నీరసంగా, తలనొప్పిగా, పట్టని నిద్రగా బయటపడడం వల్ల గుర్తించడం ఆలస్యమవుతుంది. విశాఖపట్నం వెళ్లి ఒక రాత్రంతా పరీక్ష చేయించుకుంటే, గంటకు ముప్పై ఎనిమిదిసార్లు నా ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో జరుగుతోందని తేలింది. పెద్దవాళ్లలో ఈ లెక్క ఐదు లోపు ఉంటే మామూలు, ముప్పై దాటితే తీవ్రం.

నిద్రలో గొంతు కండరాలు వదులై గాలి దారి మూసుకుపోతుంది. కనీసం పది సెకన్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఊపిరి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని క్షణకాలం లేపుతుంది. ఆ మెలకువ మనకు గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నామనే అనుకుంటాం గానీ గాఢనిద్ర ముక్కలైపోయి ఉంటుంది. సీప్యాప్ యంత్రం గదిలోని గాలినే కొంచెం ఒత్తిడితో పంపి ఆ దారిని తెరిచి ఉంచుతుంది. అది ఆక్సిజన్ కాదు. ఈ ముక్క విప్పి చెప్పవలసి వస్తోంది, ఎందుకంటే మొదటి రాత్రి నా ముఖాన మాస్కు చూసి మా అత్తగారు, ‘ఏటమ్మా, ఆక్సిజనెట్టేసినారేటి నీకు?’ అని మంచం పక్కన కూలబడి ఏడ్చారు. కరోనా రోజుల్లో ఆ మాస్కు చూసినవారెవరికైనా ఆ భయం సహజం. ఆవిడకు నచ్చజెప్పేసరికి తెల్లవారుజామైంది.

మొదటి నెల నిజంగా కష్టం. మాస్కు అంచు నుంచి గాలి బుస్సుమని కంట్లోకి కొట్టేది. పొద్దునకు కళ్లు ఎర్రబడేవి, ముక్కు దూలం మీద ఎర్రని గాడి పడేది. చలికాలం కావడంతో గొట్టంలో నీరు చేరి గలగలమని చప్పుడయ్యేది. రాత్రి ఏ రెండింటికో నాకు తెలియకుండానే మాస్కు తీసేసి పక్కన పెట్టేసేదాన్ని. ఆ నెలంతా ముందుకన్నా ఎక్కువ అలసిపోయాను. యంత్రం అమ్మిన దుకాణంవారు బిగించి చూపించి వెళ్లినవారు, మళ్లీ ఫోను ఎత్తలేదు. నలభై వేలకు పైగా పెట్టి కొన్న వస్తువును తిరిగి ఇచ్చేద్దామని మా వారితో అన్న రోజులున్నాయి.

ఐదు వారాల తరువాత ఊపిరితిత్తుల వైద్యురాలు ఒకరు ఆ యంత్రంలో దాచి ఉన్న లెక్కలు తెరిచి చూశారు. ఏ రాత్రి ఎన్ని గంటలు వాడామో, గాలి ఎంత కారిపోతోందో, ఊపిరి ఇంకా ఎన్నిసార్లు ఆగుతోందో అన్నీ అందులో నమోదై ఉంటాయని అంతవరకు నాకు తెలియదు. నేను సగటున మూడున్నర గంటలే వాడుతున్నానని, మాస్కు నా ముఖానికి ఒక సైజు పెద్దదని పది నిమిషాల్లో తేలిపోయింది. కనీసం నాలుగు గంటలైనా వాడాలని వైద్యులు అడుగుతారు గానీ నిద్రపోయినంతసేపూ ఉంచుకోవడమే అసలు చికిత్స. చిన్న మాస్కు మార్చాక గంటకు ఊపిరి ఆగే లెక్క ముప్పై ఎనిమిది కాస్తా నాలుగుకు దిగింది. నా గురక కూడా ఆగిందని మా వారు చెప్పారు.

అయినా అలసట సగానికి సగం మిగిలే ఉంది. అప్పుడు ఆ వైద్యురాలు అడిగిన ప్రశ్న నాకు ఎంతో ఉపకారం చేసింది. ‘మీకు నిద్ర ముంచుకొస్తోందా, లేక ఒంట్లో శక్తి లేదా?’ అన్నారు. ఈ రెండింటినీ మనం ఒకే మాటగా వాడేస్తాం. కూర్చుని చదువుతుంటే, బస్సులో గంటసేపు ప్రయాణం చేస్తుంటే, భోజనం తరువాత ఊరికే కూర్చుంటే కునుకు పట్టే అవకాశం ఎంత అని ఎనిమిది సందర్భాలకు సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేసుకునే ఎప్‌వర్త్ పట్టిక ఒకటి ఇచ్చారు. పది దాటితే పగటి నిద్రమత్తు ఎక్కువ ఉన్నట్టు. చికిత్సకు ముందు రోజులను తలచుకొని వేసుకుంటే పదిహేడు వచ్చింది, ఆ రోజుకు ఎనిమిది వచ్చింది. అంటే నిద్రమత్తు తగ్గింది, మిగిలింది నీరసం. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తొమ్మిదే ఉందని తెలిసింది. థైరాయిడ్ లోపం, మానసిక కుంగుబాటు, వాడుతున్న కొన్ని మందులు కూడా ఇలాగే అలసటను మిగులుస్తాయట. ఇవేవీ యంత్రం లెక్కల్లో కనిపించవు.

ఇంకొక కారణం నా ఇంట్లోనే ఉంది. రాత్రి పదకొండింటికి పడుకొని, వంటా క్యారేజీలూ ముగించుకోవడానికి నాలుగున్నరకు లేస్తున్నాను. ఐదున్నర గంటల నిద్రను ఏ యంత్రమూ ఏడు గంటలు చేయలేదు. ఇది ఒప్పుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. ఇప్పుడు పొద్దుటి కాఫీ, కూరగాయలు తరగడం మా వారు చూసుకుంటున్నారు. నేను పదింటికే పడుకుంటున్నాను. సాయంత్రం పిల్లల నోటుపుస్తకాలు దిద్దుతూ అరగంట మాస్కు పెట్టుకొని కూర్చోవడం వల్ల రాత్రి అది పరాయి వస్తువులా అనిపించడం మానింది. సెలవు రోజు మధ్యాహ్నం ఇరవై నిమిషాలు నడుం వాల్చినా మాస్కుతోనే వాలుస్తాను. లెక్కలు మొదటి పీరియడ్‌కు మార్చమని ప్రధానోపాధ్యాయులను అడిగితే కాదనలేదు. ఐదో నెలలో ఒకనాటి సాయంత్రం బడి నుంచి వచ్చాక, నాగావళి వంతెన దాకా నడిచి వద్దామని నా అంతట నేనే అన్నాను. ఆ మాట నా నోట విని ఎన్నేళ్లయిందో అన్నారు మా వారు.

ఈ కాలమంతా నేను స్కూటీ తీయలేదు. ఈ ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెప్పదలచుకున్నాను. మన జిల్లా పొడవునా ఇచ్ఛాపురం దాకా పదహారో నంబరు జాతీయ రహదారి ఉంది, దాని మీద రాత్రింబవళ్లు లారీలు నడిపేవారున్నారు. చికిత్స మొదలైందన్న ధీమాతో నిద్రమత్తు తగ్గకముందే స్టీరింగ్ పట్టడం వారికీ ఎదుటివారికీ ప్రాణాపాయం. డ్రైవర్లకు కంటిపరీక్షలు చేసే శిబిరాల్లోనే ఈ ఎనిమిది ప్రశ్నలు కూడా అడగాలని రవాణా శాఖవారిని కోరుతున్నాను.

యంత్రం అమ్మేవారూ రాసిచ్చే వైద్యులూ మొదటి నెలలోపు ఒకసారి రోగిని పిలిచి లెక్కలు చూడడం తప్పనిసరి చేయాలి. వీలైతే కొనేముందు కొన్నాళ్లు అద్దెకు తీసుకొని, రెండు మూడు రకాల మాస్కులు ప్రయత్నించే అవకాశం ఇవ్వాలి. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో వారానికి ఒక పూట ఇలాంటివారి కోసం కేటాయిస్తే, పల్లెల నుంచి వచ్చేవారు ప్రతిసారీ విశాఖపట్నం బస్సెక్కే బాధ తప్పుతుంది.

విద్యుత్ శాఖవారికి కూడా ఒక మనవి. కరెంటు పోతే ఈ యంత్రం ఆగిపోతుంది. నేను ఇన్వర్టర్‌కు కలుపుకున్నాను గానీ అది ఒకటి రెండు రాత్రులకే సరిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానం పల్లెలు ఎన్ని రోజులు చీకట్లో ఉన్నాయో మనందరికీ తెలుసు. తుఫాను హెచ్చరిక రాగానే తయారుచేసే జాబితాల్లో గర్భిణులతోపాటు, ఇంట్లో ఊపిరి యంత్రం మీద ఆధారపడినవారి పేర్లను కూడా చేర్చాలి. వచ్చే అక్టోబరులోగా ఆశా కార్యకర్తల చేత ఆ పేర్లు రాయించడం పెద్ద పని కాదు. మా వీధి వరకు నా పేరు నేనే ఇచ్చి వచ్చాను.

ఇట్లు,
ఒక ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయిని,
శ్రీకాకుళం.