మనం నడిచిన మాల్‌ని పడగొడుతున్నారమ్మా

పిట్స్‌బర్గ్,
మార్చి 2025

అమ్మకు నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. నాన్నకి కాటరాక్ట్ ఆపరేషన్ బాగా అయిందని తమ్ముడు చెప్పాడు. చుక్కల మందు వేళకి వేస్తున్నావు కదా. ఈ ఉత్తరం ఆయనకి నువ్వే చదివి వినిపించు.

మొన్న ఫోన్లో "చలికాలంలో మేం నడవడానికి వెళ్ళేవాళ్ళమే, ఆ పెద్ద షాపుల బిల్డింగు ఇంకా ఉందా?" అని అడిగావు. లేదమ్మా. కిందటేడు నుంచి పడగొడుతున్నారు. ఫోన్లో ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేకపోయింది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

1998లో పెద్దవాడి పురిటికి మీరిద్దరూ వచ్చినప్పుడు మీకు ఆర్నెల్ల వీసా. అందులో సగానికి పైగా మంచే. మా అపార్ట్‌మెంట్ బయట ఫుట్‌పాత్ కూడా లేదు. కారు లేకపోతే గుమ్మం దాటేది లేదు. వారం తిరిగేసరికి నాన్నకి విసుగు, నీకు దిగులు. అప్పుడు మీ అల్లుడుగారు ఆఫీసుకి వెళ్తూ పొద్దున్నే మిమ్మల్ని సెంచరీ త్రీ మాల్ దగ్గర దింపడం మొదలుపెట్టారు. షాపుల షట్టర్లు ఇంకా ఎత్తేవాళ్ళు కాదు, కానీ నడిచేవాళ్ళ కోసం తలుపులు ముందే తీసేవాళ్ళు. లోపల వెచ్చగా ఉండేది. తెల్ల బూట్లు వేసుకున్న ముసలివాళ్ళు జంటలు జంటలుగా ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేవాళ్ళు. నువ్వు చీర మీద నా కోటు వేసుకుని, ఎస్కలేటర్ దగ్గర ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఇంకో చేత్తో నాన్న మోచెయ్యి పట్టుకుని, మెట్టు వచ్చేదాకా ఆగి, చటుక్కున కాలు పెట్టేదానివి.

ఆ నీలం స్వెట్టర్ పెద్దావిడ గుర్తుందా? ఆవిడకి తెలుగు రాదు, నీకు ఇంగ్లీషు రాదు. నువ్వు మనవడి ఫోటో చూపిస్తే ఆవిడ పర్సులోంచి తన మనవల ఫోటోలన్నీ తీసి బెంచీ మీద పేర్చింది. వాళ్ళాయన స్టీలు మిల్లులో చేసేవాడట. ఆ మాల్ కట్టిన గుట్టే స్టీలు మిల్లుల చెత్త అని ఆవిడే నాకు చెప్పింది. బాబాయి విశాఖ స్టీల్‌ప్లాంటు సంగతులు చెబుతూ స్లాగ్ అనేవాడే, ఇనుము కరిగించాక మిగిలేది, అదే. దాన్ని ఏళ్ళ తరబడి తెచ్చి ఇక్కడ పోశారు. రాత్రిపూట ఎర్రగా మెరుస్తూ జారుతుంటే చూడడానికి జనం కార్లేసుకుని వచ్చేవాళ్ళట. 1979లో ఆ గుట్ట మీదే మూడంతస్తుల మాల్ కట్టి, స్వతంత్ర దేశంగా అమెరికా మూడో శతాబ్దంలో అడుగుపెట్టిందని సెంచరీ త్రీ అని పేరు పెట్టారు.

అంత పెద్దది ఎందుకు పాడుబెట్టారని అడుగుతావు. మాల్స్ నడిచే పద్ధతిలోనే ఆ తిరకాసు ఉందమ్మా. రెండు మూడు చివర్ల పెద్ద పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్లు ఉంటాయి. జనం వాటి కోసం వస్తారు కాబట్టి వాటికి అద్దె చాలా తక్కువ. మధ్యలో ఉండే చెప్పుల కొట్లు, గాజుల కొట్లు, ఐస్‌క్రీం కొట్లు ఆ జనాన్ని నమ్ముకుని ఎక్కువ అద్దె కడతాయి. పెద్ద స్టోరు పోతే తామూ అద్దె తగ్గించుకోవచ్చని, లేదా ఖాళీ చేయొచ్చని చాలామంది ముందే ఒప్పందంలో రాయించుకుంటారు. తిరనాళ్ళలో రథం ఎటు పోతే బొమ్మల కొట్లు అటే పోయినట్టు, ఒక పెద్ద స్టోరు మూతపడగానే చుట్టూ ఉన్నవి ఒక్కొక్కటే దులుపుకుని పోతాయి. ఇక్కడా అంతే. నువ్వు నాన్నకి మఫ్లర్ కొన్న కాఫ్‌మన్స్, పిట్స్‌బర్గ్ వాళ్ళ సొంత స్టోరు, 2006లో మేసీస్ అనే పెద్ద స్టోర్ల కంపెనీ పేరులోకి మారింది. 2016లో ఆ మేసీస్ కూడా పోయింది. 2019 ఫిబ్రవరిలో లోపలి కొట్లన్నీ మూసేశారు. బయటినుంచి వేరే తలుపున్న జేసీ పెన్నీ స్టోరు ఒక్కటి 2020 దాకా ఉంది. తర్వాత ఆకతాయిలు దూరడం, 2023లో అగ్నిప్రమాదం.

అందరూ అమెజాన్‌ని తిడతారు. అది సగమే నిజం. అసలు అవసరానికి మించి కట్టారు. 1954లో ఇక్కడి పన్నుల చట్టం మార్చి, కొత్త బిల్డింగు ఖర్చుని తొందర తొందరగా లెక్కల్లో కొట్టేసుకోవచ్చన్నారు. దాంతో కట్టేవాళ్ళకి మొదటి ఏళ్ళలో పన్ను తగ్గి, కట్టడమే లాభసాటి అయింది. పాతది నిండుగా ఉండగానే పక్కన ఇంకోటి లేచేది. మన మాల్‌ని దెబ్బతీసిన వాటిలో ఒకటి నది ఒడ్డున హోమ్‌స్టెడ్‌లో 1999లో తెరిచిన వాటర్‌ఫ్రంట్ అనే కొత్త బజారు. అది వెలిసింది 1986లో మూతపడిన స్టీలు మిల్లు స్థలంలో. మిల్లుల చెత్త మీద ఒక బజారు, మిల్లు స్థలంలో ఇంకో బజారు, రెండో దాని వల్ల మొదటిది చితికిపోవడం. ఆ పెద్దావిడ ఇవన్నీ చూసిందో లేదో.

పక్క రాష్ట్రం ఒహాయోలో ఇంకా విచిత్రం. రాండల్ పార్క్, రోలింగ్ ఏకర్స్, యూక్లిడ్ స్క్వేర్ అని మూడు మాల్స్ ఉండేవి. మూడూ పడగొట్టి అదే స్థలాల్లో అమెజాన్ గోడౌన్లు కట్టారు.

నాకు కోపం వచ్చేది సరుకు విషయంలో కాదు. సరుకు గుమ్మంలోకే వస్తోంది, పోయింది మనుషులు కలిసే చోటు. అన్నీ ఒకే కప్పు కింద ఉండే ఈ మాల్స్‌కి ఆద్యుడు విక్టర్ గ్రూయెన్ అనే ఆర్కిటెక్టు. 1938లో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమిస్తే వియన్నా వదిలి పారిపోయి వచ్చిన యూదుడు. కార్లలోనే బతికే ఈ దేశంలో మనుషులు నడిచే, కూర్చునే, పలకరించుకునే ఒక ఊరి నడిబొడ్డు కావాలని ఆయన తపన. మిన్నెసోటాలో 1956లో తెరిచిన సౌత్‌డేల్ అనే తన మాల్ చుట్టూ ఇళ్ళు, బళ్ళు, ఆసుపత్రి, చెరువు ఉండాలని గీశాడు. షాపులు, పార్కింగు కట్టారు కానీ మిగతాది ఆయన గీసినట్టు రాలేదు. చివరికి ఆయనే ఈ మాల్స్‌తో తనకి సంబంధం లేదన్నాడు, వియన్నా వెళ్ళిపోయాడు. అక్కడ కూడా ఊరి బయట ఒక మాల్ లేచింది. ఆయన ఎంత నొచ్చుకున్నా, ఆయన కోరుకున్న దాంట్లో కాస్త దక్కిందనే నేనంటాను. భాష రాని, కారు నడపని, పెద్దగా ఏమీ కొనని నిన్ను ఆ మాల్ ఒక చలికాలమంతా కూర్చోబెట్టుకుంది. ఒక్కరోజు కూడా ఎవరూ ఎందుకొచ్చారని అడగలేదు.

బందరు రోడ్డులో పీవీపీ మాల్‌కి తమ్ముడి పిల్లలతో వెళ్ళానన్నావు. సంతోషం. రేపు అది లేకపోయినా నీకు బీసెంట్ రోడ్డు ఉంది, కృష్ణ ఒడ్డు ఉంది, వీధి చివర కూరల బండి దగ్గర పలకరించేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ మాల్ పోతే దాని స్థానంలో ఇంకో చోటు లేదు. మా కాలనీకి ఇప్పుడూ ఎవరో ఒకరి అమ్మానాన్నలు వస్తూనే ఉన్నారు. జనవరి అంతా కిటికీ దగ్గర కూర్చుని యూట్యూబ్‌లో సీరియళ్ళు చూస్తున్నారు. పార్సిల్ అబ్బాయి పెట్టె పెట్టి వెళ్ళిపోతాడు, మొహం కూడా కనబడదు.

పెన్ హిల్స్ వెంకటేశ్వరస్వామి గుడికి వెళ్ళొస్తూ మనం ఆగే మన్రోవిల్ మాల్ ఇంకా తెరిచే ఉంది. 1969 నాటిది. ఈ ఏడాదే వాల్‌మార్ట్ వాళ్ళు 3.4 కోట్ల డాలర్లకి కొన్నారు. దాన్ని మార్చి కొత్తగా కడతారట. కట్టేవాళ్ళు నాలుగు బెంచీలు, నీడ, చలికి వెచ్చగా నడిచే దారి ఉంచితే చాలు, ఇంకేం అడగను. ఈలోపు శనివారాలు పక్కింటివాళ్ళ అత్తగారిని, ఎదురింటి గుంటూరు దంపతుల్ని అక్కడికి తీసుకెళ్తున్నాను. ఆ ముగ్గురికీ ఎస్కలేటర్ అంటే భయం లేదు, కానీ గుంటూరు పెద్దాయన ప్రతి షాపు ముందూ ఆగి ధర రూపాయల్లోకి మార్చి చెబుతారు.

ఈసారి మీరు నవంబరులో వద్దమ్మా, మేలో రండి. టికెట్లు ఇప్పుడే చూస్తున్నాను. వేసవిలో అయితే ఇంటి దగ్గర పార్కులో నడవొచ్చు. నాన్న రిపోర్టులు తమ్ముడి చేత వాట్సాప్‌లో పెట్టించు. నీ మోకాళ్ళకి నూనె రాసుకోవడం మానకు.

ఉంటాను,
నీ పెద్దమ్మాయి