టోకెన్ తీసుకున్నాక అద్దె పెంచితే...

సంపాదకులకు,

జూన్‌లో బడులు తెరిచే ముందు హైదరాబాద్‌లో ఇళ్లు మారేవాళ్ల హడావుడి మొదలవుతుంది. దాంతోపాటే ఒక పాత తగాదా కూడా. డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ అద్దె 20,000 అంటారు, ఇల్లు మనకే ఉంచడానికి ముందుగా ఐదు వేలు టోకెన్ తీసుకుంటారు. రెండు రోజులు పోయాక ఫోన్ వస్తుంది: ‘‘ఇంకొకళ్లు 22,500 ఇస్తామంటున్నారండీ, మీరేమంటారు?’’ అప్పటికే పాత ఓనరుకు ఖాళీ చేస్తున్నామని చెప్పేసి ఉంటే ఇక బేరమాడే బలం ఉండదు. అందుకే కొత్త ఇంటి అగ్రిమెంటు మీద రెండు సంతకాలూ పడేదాకా పాత ఇంటికి నోటీసు ఇవ్వకూడదు. దానివల్ల ఒక నెల రెండు అద్దెలు కట్టాల్సి వచ్చినా, చాలాసార్లు అదే చవక.

అద్దె నియంత్రణ చట్టం కాపాడుతుందని కొందరి నమ్మకం. 1960 నాటి ఆ చట్టాన్ని 2005లో సవరించినప్పుడే కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 దాటిన అద్దె ఇళ్లను దాని నుంచి తప్పించారు. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు అడ్వాన్స్ రెండు నెలలు మించొద్దంది, అద్దె పెంచాలంటే మూడు నెలల ముందు రాతపూర్వకంగా చెప్పాలంది. రాష్ట్రం తన చట్టంగా తెచ్చుకుంటే తప్ప అది వర్తించదు. తెచ్చుకున్నా ఆ రక్షణ అగ్రిమెంటు రాసుకున్న తర్వాతి మాట. టోకెన్‌కూ అగ్రిమెంటుకూ మధ్య ఉన్న ఆ నాలుగు రోజులకు మన చేతిలో ఏ కాగితమూ ఉండదు.

ఆ కాగితాన్ని వాట్సాప్‌లో మనమే పుట్టించుకోవచ్చు. టోకెన్ పంపే ముందు ఓనరుకు ఇలా రాయండి: ‘‘సార్, మూడో అంతస్తు ఫ్లాటు, నెల అద్దె 20,000, మెయింటెనెన్స్ 2,000 విడిగా, అడ్వాన్స్ రెండు నెలలు, ఒకటో తేదీన చేరతాం, 11 నెలల అగ్రిమెంటు. ఈ షరతులు మారితే టోకెన్ వాపసు. ఓకే అంటే 5,000 పంపుతాను.’’ ఓకే అని జవాబు వచ్చాకే డబ్బు పంపాలి. అదీ బ్రోకరుకు కాదు, ఓనరు ఖాతాకే. యూపీఐలో నోట్ రాసే చోట ‘అద్దె టోకెన్’ అని, ఫ్లాటు నంబరు వేయాలి. డబ్బు బ్రోకరు దగ్గర ఆగిపోతే ‘నేను ఆ రేటు చెప్పలేదు’ అనడం ఓనరుకు తేలిక. అద్దె పెరిగితే ఒక నెల అద్దె తీసుకునే బ్రోకరుకు కమీషన్ కూడా పెరుగుతుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఓనరు ఎవరో తెలియకపోతే ఇంటి పన్ను రసీదు లేదా కరెంటు బిల్లు మీద పేరు చూపించమని అడగడంలో తప్పేమీ లేదు.

పెంపు అన్నిసార్లూ పెంపులా కనపడదు. సబ్‌మీటరు యూనిట్ రేటు, ఎండాకాలం ట్యాంకరు ఖర్చులో వాటా, రెండో బండి పార్కింగ్, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోత, ఇవన్నీ ముందే మాట్లాడుకోవాలి. ఇంకోటి పాన్ నంబరు. జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం (హెచ్‌ఆర్‌ఏ) మీద పన్ను మినహాయింపు కావాలంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు మన ఆఫీసులో ఓనరు పాన్ నంబరు ఇవ్వాలి. ఆ మాట అగ్రిమెంటు రోజున అడిగితే ‘అయితే ట్యాక్స్ పడుతుంది, రెండు వేలు కలపండి’ అంటారు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపే లేదు కాబట్టి దానికోసం పాన్ అడగక్కర్లేదు. ఆ సంగతి ముందే చెబితే ఓనరు భయం సగం తగ్గుతుంది.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నాక కూడా పెంచితే కోపం పక్కనబెట్టి లెక్క వేయండి. 2,500 పెంపంటే 11 నెలలకు 27,500. అడ్వాన్స్‌లో అదనంగా 5,000, కమీషన్‌లో మరో 2,500. వచ్చే ఏడాది పది శాతం పెంచినా అది ఆ పెద్ద మొత్తం మీదే. ఇక్కడ ఒక మధ్యేమార్గం ఉంది. 20,000తో మొదలై 11 నెలల తర్వాత 22,000 అయితే 22 నెలలకు మొత్తం 4,62,000. మొదటి నుంచీ 21,000 చొప్పున 22 నెలలు పెంపు లేకుండా ఇచ్చినా అంతే. ఓనరుకు ఇప్పుడే వెయ్యి ఎక్కువ వస్తుంది, 22 నెలలూ ఉంటే మీకు నష్టం లేదు. ఏడాదికే మారిపోయేట్టయితే మాత్రం ఈ బేరం వద్దు. అయితే 22 నెలలని ఒకే కాగితం మీద రాస్తే, ఏడాది దాటింది కాబట్టి 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేయించాల్సిందే. 11 నెలల అగ్రిమెంటులోనే ‘రెన్యువల్‌లోనూ ఇదే అద్దె’ అని రాయించుకోవడం వాడుకలో ఉంది గానీ, కోర్టు దాకా వెళితే దానికి అంత బలం ఉండదు.

‘ఇంకొకళ్లు ఉన్నారు’ అనే మాటకు జవాబు వేగమే. ఆధార్, ఉద్యోగం ఐడీ కాపీలు, మొత్తం అడ్వాన్స్ సిద్ధంగా ఉంచుకుని, ‘పాత రేటుకే అయితే ఈ సాయంత్రమే సంతకం పెడతాం’ అనండి. కనపడని ఆ ఇంకొకళ్ల కన్నా ఎదురుగా ఉన్న అడ్వాన్స్‌కే చాలామంది మొగ్గుతారు. ఆషాఢంలోనో పుష్యంలోనో అయితే మరీనూ, ఆ నెలల్లో పాలు పొంగించేవాళ్లు తక్కువ కాబట్టి ఇళ్లు ఖాళీగా పడి ఉంటాయి. కుదరకపోతే పాత మెసేజ్‌నే మళ్లీ పంపి టోకెన్ వాపసు అడగండి. ఐదు వేల కోసం లాయరు నోటీసు గిట్టుబాటు కాదు గానీ, రాత చేతిలో ఉంటే ఆ అవసరం తక్కువసార్లే వస్తుంది.

ప్రభుత్వానికి ఒక విన్నపం. అద్దె, మెయింటెనెన్స్, అడ్వాన్స్, చేరే తేదీ, టోకెన్ వాపసు గడువు, ఈ ఐదు గడులున్న ఒక పేజీ టోకెన్ రసీదు నమూనాను స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ తెలుగు, ఉర్దూ, ఇంగ్లిష్‌లలో తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు.

– ఓ దస్తావేజు లేఖరి, హైదరాబాద్