ప్లీడరు వాయిదాకి వెళ్లకపోతే క్లయింటు ఎవర్ని అడగాలి?

ఎడిటర్ గారికి నమస్కారం.

మా చిన్నాన్నకి ఉద్దానంలో కొబ్బరి తోట మీద సివిల్ కేసు ఉండేది. ప్లీడరు గారు వాయిదాలకి వెళ్లలేదు, ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోయింది (అంటే మా తరఫున ఎవరూ రాలేదని ఎదుటివాళ్ల మాట మీదే తీర్పు), కోర్టు అమీనా ఇంటికొచ్చేదాకా మా వాళ్లకి ఆ సంగతే తెలీదు. అడిగినప్పుడల్లా గుమస్తా చిన్న చీటీ మీద తర్వాత వాయిదా రాసిచ్చేవాడు, ఆ చీటీలన్నీ చిన్నాన్న రేషన్ కార్డు కవర్లో దాచుకున్నాడు, కట్టిన ఫీజుకి మాత్రం ఒక్క రసీదూ లేదు. డిక్రీ కొట్టేయమని అడగడానికి గడువు 30 రోజులు, అదీ దాటిపోయింది.

నష్టపరిహారం కోసం వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే కేసు నిలబడలేదు. లాయర్ల సేవలు వినియోగదారుల చట్టం కిందికి రావని 2024 మే 14న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది కదా, వస్తాయని 2007లో జాతీయ కమిషన్ చెప్పింది కూడా పోయింది. లాయరు మీద అజమాయిషీ క్లయింటుదే కాబట్టి అది వ్యక్తిగత సేవ, అలాంటిది ఆ చట్టంలోకి రాదు అన్నారు. టెక్కలి, సోంపేట కోర్టు వరండాల్లో చేతులు కట్టుకుని నిలబడే రైతుకి లాయరు మీద ఏం అజమాయిషీ ఉంటుందండీ? డాక్టరు మీద 1995 నుంచీ వెళ్లొచ్చు, లాయరు మీద వద్దంటే ఎలా?

సివిల్ దావా వేసుకోవచ్చు అంటారు, నిజమే, 1926 నాటి చట్టమే ఒప్పుకుంటుంది, కానీ అడిగే నష్టాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి, ఆయన సరిగ్గా నడిపుంటే మన కేసు గెలిచేదని మళ్లీ మనమే రుజువు చెయ్యాలి, పైగా అదే బార్‌లో ఇంకో లాయరు వకాల్తా పుచ్చుకోవాలి, మాకైతే ఎవరూ పుచ్చుకోలేదు. లాయర్ల మీద చర్య తీసుకునే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి కంప్లైంట్ ఇస్తే సస్పెండ్ చేస్తారేమో, పోయిన తోటకి డబ్బులు ఇప్పించరు. ఏడాదిలో తేల్చకపోతే ఫైలు బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకి పోతుంది, మా ఊరి మనిషి ఢిల్లీ దాకా ఎక్కడ తిరుగుతాడు.

నిజాయితీగా పనిచేసే లాయర్లు మా జిల్లాలో చాలామంది ఉన్నారు, వాళ్లని అనడం లేదు. కోర్టుల ఆన్‌లైన్ ఏర్పాటైన ఈకోర్ట్స్‌లో ఎస్ఎంఎస్ ఏర్పాటు ఎలాగూ ఉంది, వకాల్తా మీద క్లయింటు ఫోన్ నంబరు తప్పనిసరి చేసి, వాయిదా ఎప్పుడో, ఆ రోజు లాయరు హాజరయ్యాడో లేదో తెలుగులో అతనికే మెసేజ్ పంపాలి. ఫీజుకి రసీదు ఇవ్వాలి. బార్ కౌన్సిల్ విచారణలు శ్రీకాకుళంలోనే పెట్టాలి. హైకోర్టు వారు ఈ మూడూ చూడాలని కోరుతున్నాను.

ఒక పాఠకుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా